వంటలు చెప్పేవాళ్లందరికీ: మీ కప్పు ఎన్ని మిల్లీలీటర్లు?

తెలుగులో వంటల వీడియోలు చేసే అక్కలకు, చెల్లెళ్లకు, అన్నలకు, పత్రికల్లో వంటల పేజీలు నడిపేవాళ్లకు హైదరాబాద్ మల్కాజిగిరి నుంచి ఒక కేకుల ఆవిడ నమస్కారాలు.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. మీరు "ఒక కప్పు పాలు" అన్నప్పుడు ఆ కప్పులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో చెప్పండి. వీడియో మొదట్లో ఒక ముక్క, రాసేవాళ్లయితే పైన ఒక లైను. "ఈ వంటలో కప్పు అంటే 240 మి.లీ." అంతే. అది 250 అయినా నాకు అభ్యంతరం లేదు, 200 అయినా లేదు. మీ అత్తగారి కాలంనాటి స్టీలు గ్లాసుతోనే కొలుస్తారా, కొలవండి. కానీ దాంట్లో ఎన్ని నీళ్లు పడతాయో ఒకసారి చూసి ఆ అంకె చెప్పండి. టైమ్ లేనివాళ్లు ఉత్తరం ఇక్కడితో ఆపేసినా నాకు కోపం లేదు, ఆ అంకె ఒక్కటి పెడితే.

ఎందుకింత పట్టుదల అంటే, నేను ఇంటి దగ్గర కేకులు చేసి అమ్ముతాను. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, డిసెంబరు వస్తే ప్లమ్ కేకులు. ఆర్డర్లు లేనప్పుడు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల ఆడవాళ్లకి, వేసవి సెలవుల్లో పిల్లలకి నేర్పిస్తుంటాను. వచ్చేవాళ్లు వంట రానివాళ్లేం కాదు. ఇరవై మందికి పులిహోర, పప్పు, రెండు కూరలు ఒంటిచేత్తో దింపేసే మనుషులు. వాళ్లు వచ్చి చెప్పే మాట మాత్రం ఒకటే. "వీడియోలో ఎలా చెప్పారో అలాగే చేశానండీ, రాలేదు."

అప్పుడు నేను కేకు గురించి అడగను. ఏ కప్పుతో కొలిచారని అడుగుతాను. ఫోన్లో ఫోటో చూపిస్తారు, లేకపోతే సంచీలోంచి ఆ కప్పే తీస్తారు. ఒకరిది టీ కప్పు, ఒకరిది హార్లిక్స్ కలిపే మగ్గు, ఒకరిది కాఫీ పొడి సీసాతో పాటు ఫ్రీగా వచ్చిన గాజు గ్లాసు. ఎక్కువమందిది మాత్రం రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు. ఇంట్లో గీతలు, అంకెలు ఉన్న కప్పు అదొక్కటే కదా, దాన్నే నమ్ముతారు. నమ్మకపోతే ఎట్లా?

మా పక్క బ్లాకులో ఒకావిడ సంగతే చెప్తాను. గుడ్డు లేని స్పాంజ్ కేక్. ఒకటిన్నర కప్పు మైదా, కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార, అర కప్పు నూనె, ఒకటింబావు టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను వంట సోడా. లెక్క బాగానే ఉంది, ఆ కొలతతో నేనూ చేస్తాను. ఆవిడ అన్నీ కుక్కర్ కప్పుతో, అంటే 180 మి.లీ. కప్పుతో కొలిచింది. మైదా తగ్గింది, పెరుగూ తగ్గింది, నూనే తగ్గింది, అన్నీ ఒకే వంతున తగ్గాయి కాబట్టి పిండి చూడ్డానికి సరిగ్గానే ఉంది. కానీ సోడా, బేకింగ్ పౌడర్ కొలిచే చెంచాలు మాత్రం కొత్తగా కొన్న అసలైన చెంచాలు. అవి తగ్గలేదు. అంటే ఆ పిండికి ఉండాల్సిన దానికంటే మూడో వంతు సోడా ఎక్కువ పడింది. పైగా ఎనిమిదంగుళాల టిన్నులో పోయాల్సిన పిండి ముప్పావు వంతే ఉంది, పల్చగా పరుచుకుంది. వీడియోలో నలభై నిమిషాలు అన్నారు, ఆవిడ నలభై నిమిషాలూ ఉంచింది. పైన మాడు రంగు, లోపల పొడిపొడి, నోట్లో పెడితే సబ్బు వాసన. ఇంట్లో వాళ్లు ఏమన్నారో నేను రాయను. ఆవిడ ఓవెన్ మంచిది కాదనుకుని కొత్తది కొనే ఆలోచనలో ఉంది. ఓవెన్ బ్రహ్మాండంగా ఉంది.

ఇందులో ఆవిడ తప్పు నాకైతే కనపడలేదు. చెప్పినావిడ తప్పూ పూర్తిగా అనను. ఆ వీడియో చేసినావిడ ఇంట్లో కప్పు 240, ఈవిడ ఇంట్లో కప్పు 180. ఇద్దరూ నిజాయితీగా "కప్పు" అన్నారు.

లోకంలో కప్పు పేరుతో తిరిగే కొలతలు అరడజను దాకా ఉన్నాయి. అమెరికా కప్పు, పింటు అనే వాళ్ల కొలతలో సగం, అంటే దాదాపు 236.6 మి.లీ. అదే అమెరికాలో ఆహారం ప్యాకెట్ల మీద పోషకాల పట్టీ వేసేటప్పుడు మాత్రం చట్టప్రకారం 240 అని లెక్కేస్తారు. మనకి బజార్లో దొరికే కప్పుల సెట్లలో చాలావాటి మీద ఉండేది ఈ 240యే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలో కప్పంటే 250. ఇంగ్లండు వాళ్ల పాత కప్పు వాళ్ల పింటులో సగం, 284 దాకా వస్తుంది. వాళ్ల పింటు అమెరికా పింటు కంటే పెద్దది మరి. ఇప్పుడు వాళ్లు కప్పుల జోలికి పెద్దగా పోరు, గ్రాములు, మిల్లీలీటర్లే రాసుకుంటారు. జపాన్‌లో వంట కప్పు 200. బియ్యం కొలిచేది వేరే, 180. అది 'గో' అనే వాళ్ల పాత కొలత. ఎలక్ట్రిక్ కుక్కర్ జపాన్ నుంచి లోకమంతా తిరిగింది కాబట్టి ఆ 180 కప్పు కూడా వెంట తిరిగి, చివరికి మా పక్క బ్లాకు ఆవిడ వంటింట్లో తేలింది. కొన్ని కుక్కర్లకి 160 కప్పు ఇస్తున్నారు, అదింకో తలనొప్పి.

చెంచాల సంగతి కొంచెం నయం. టీస్పూను అన్నిచోట్లా 5 మి.లీ., టేబుల్ స్పూను దాదాపు అన్నిచోట్లా 15. ఆస్ట్రేలియాలో మాత్రం టేబుల్ స్పూను 20. మెల్‌బోర్న్‌లో ఉంటూ తెలుగులో వంటలు చెప్పే అమ్మాయిలు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. మీరు మూడు టేబుల్ స్పూన్ల మొక్కజొన్న పిండి అంటే, ఇక్కడ మేం వేసేది మీ దాంట్లో ముప్పావు వంతే. ఇక మన ఇళ్లల్లో అన్నం తినే స్టీలు చెంచాని టేబుల్ స్పూను అనుకునేవాళ్లు చాలామంది. వాటిలో చాలావాటికి 15 పట్టదు, ఒకసారి నీళ్లు పోసి చూసుకోండి.

ఈ తేడాలన్నీ ఒక్కలాంటివి కావు, ఆ మాటా చెప్పాలి. 236కీ 240కీ తేడా ఒక టీస్పూను కూడా లేదు, దాని గురించి తల బద్దలు కొట్టుకునేవాళ్లని చూస్తే నాకే విసుగు. 240కీ 250కీ తేడా రెండు టీస్పూన్లు. కేకులో కూడా అది పెద్దగా తెలియదు. కానీ 180కీ 250కీ మధ్య 70 మి.లీ. ఉంది. నాలుగు కప్పులు పోసేసరికి 280 తేడా, అంటే ఒక కప్పుకి పైనే మాయం.

ఇక్కడ మీలో కొందరు ఏమంటారో నాకు తెలుసు. "మన వంటలకి ఇదంతా అవసరమా? ఏ కప్పుతో కొలిస్తే ఏంటి, అన్నీ దాంతోనే కొలిస్తే సరిపోతుంది." నిజమే. సగం వంటల వరకు ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, గ్లాసు ఏదైనా అన్నం అన్నమే. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, అదీ అంతే. ఉప్మాకి రవ్వ ఒకటి, నీళ్లు రెండున్నర. ఆవకాయకి ముక్కలు, కారం, ఉప్పు, ఆవపిండి ఒకే గిన్నెతో కొలుస్తారు, ఆ గిన్నె పెద్దదైతే జాడీ పెద్దదవుతుంది, అంతే తప్ప రుచి మారదు. (ఉప్పు విషయంలో మాత్రం కళ్లుప్పా మెత్తటి ఉప్పా చెప్పి తీరాలి. మెత్తటి ఉప్పు సందుల్లేకుండా కూర్చుంటుంది, అదే గిన్నెలో ఎక్కువ బరువు పడుతుంది. గిన్నెడు కళ్లుప్పు అన్నచోట గిన్నెడు మెత్తటి ఉప్పు పోస్తే ఆ ఆవకాయ ఏడాదంతా ఇంట్లో గొడవే.)

చిక్కు ఎప్పుడొస్తుందంటే, వంటలో ఒక వస్తువు కప్పుతో, ఇంకో వస్తువు ప్యాకెట్‌తో వచ్చినప్పుడు. ఈ రోజుల్లో హైదరాబాద్‌లో ఏ ఇంట్లో చూసినా పాలు అద్దలీటర్ ప్యాకెట్. నూనె లీటరు ప్యాకెట్. క్రీమ్ డబ్బా మీద మిల్లీలీటర్లు. చైనా గ్రాస్, జెల్లీ, కస్టర్డ్ పౌడర్, గులాబ్ జామ్ పొడి, అన్నిటి వెనకా "ఇన్ని మి.లీ. పాలు", "ఇన్ని మి.లీ. నీళ్లు" అనే రాసి ఉంటుంది. మీరేమో దాన్ని కప్పుల్లోకి మార్చి చెప్తారు. మేం ఆ కప్పుల్ని మళ్లీ మా ఇంటి గ్లాసులోకి మార్చుకుంటాం. రెండుసార్లు మారేసరికి అసలు అంకె ఎక్కడో జారిపోతుంది.

అర లీటరు పాలనే తీసుకోండి. 250 కప్పుతో కొలిస్తే సరిగ్గా రెండు కప్పులు. 240 కప్పుతో రెండు కప్పులు పోశాక నాలుగు టీస్పూన్లు మిగులుతాయి. 200 కప్పుతో రెండున్నర. కుక్కర్ కప్పుతో రెండుముప్పావు, పైన ఇంకో టీస్పూను. ఇప్పుడు కస్టర్డ్ చేస్తున్నాం అనుకోండి. అర లీటరు పాలకి రెండు టేబుల్ స్పూన్ల పొడి అన్నది మామూలు లెక్క. మీరు ప్యాకెట్ చూపించకుండా "రెండు కప్పుల పాలు, రెండు టేబుల్ స్పూన్ల పొడి" అన్నారు. చూసినావిడ కుక్కర్ కప్పుతో రెండు కప్పులు పోసింది, అంటే 360. పొడి మాత్రం అంతే. చల్లారాక చూస్తే గరిటె నిలబడుతుంది, పండ్ల ముక్కలు కలపబోతే కలవవు. తిరగేసి చేస్తే, అంటే మీ కప్పు చిన్నదై ఆవిడ మగ్గు పెద్దదైతే, ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టినా చిక్కబడదు. సగ్గుబియ్యం పాయసం అయితే ఇంకొన్ని పాలు పోసి సర్దుకోవచ్చు. సాంబారుకైతే అసలు లెక్కే లేదు. చైనా గ్రాస్ దగ్గర, కేకు దగ్గర, మైసూర్ పాక్ పాకానికి పోసే నీళ్ల దగ్గర సర్దుబాటు కుదరదు.

ఇంకో పెద్ద గందరగోళం గ్రాములకీ మిల్లీలీటర్లకీ మధ్య. దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు కాబట్టి కొంచెం సాగదీస్తాను. మి.లీ. అనేది ఎంత చోటు పడుతుందో చెప్పే లెక్క, గ్రాము ఎంత బరువో చెప్పే లెక్క. నీళ్ల దగ్గర మాత్రమే రెండూ ఒకటి. పాలు, పెరుగు కూడా దాదాపు అంతే, వాటి వరకు అటుదిటు చేసినా ఫర్వాలేదు. 240 కప్పులో నీళ్లు పోస్తే 240 గ్రాములు. అదే కప్పులో నూనె పోస్తే 220 గ్రాముల దగ్గర ఆగుతుంది. లీటరు నూనె ప్యాకెట్ మీద చూడండి, పక్కన 910 గ్రాములు అని ఉంటుంది. నూనె నీళ్ల కంటే తేలిక. అందుకే రెసిపీలో 250 గ్రాముల నూనె అని ఉంటే పావు లీటరు పోస్తే చాలదు, 275 మి.లీ. దాకా పోయాలి. పంచదార అదే కప్పులో సుమారు 200 గ్రాములు, మైదా జల్లించి తేలిగ్గా నింపితే 120 నుంచి 130, తేనె 340 దాకా. "250 గ్రాముల మైదా అంటే ఒక కప్పు" అని ఒక వీడియోలో విన్నాను, గుండె ఆగినంత పనైంది. అది రెండు కప్పులు. సగం మైదాతో ఆ పిండిని ఓవెన్లో పెడితే కేకు కాదు, జావ వస్తుంది.

కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా దగ్గరా ఇదే తంటా. డబ్బా మీద 400 గ్రాములు అని చూసి, ఒకటిన్నర కప్పు పైనే ఉంటుందనుకుని, చాలనిదాన్ని పాలతో నింపేవాళ్లున్నారు. అది చిక్కటి సరుకు, బరువెక్కువ, చోటు తక్కువ. ఆ డబ్బా మొత్తం గీకి పోసినా ఒకటింబావు కప్పు కంటే పెద్దగా ఎక్కువ రాదు.

విప్పింగ్ క్రీమ్ సంగతి మా కేకులవాళ్ల సొంత గోల. "రెండు కప్పుల క్రీమ్" అంటారు. కొట్టకముందు రెండు కప్పులా, కొట్టాక రెండు కప్పులా? బీటర్‌తో కొడితే అది రెండింతలకి తక్కువ కాకుండా పొంగుతుంది. కొట్టకముందు అనుకుని తెచ్చుకుంటే సగం క్రీమ్ ఫ్రిజ్‌లో మిగిలి పాడైపోతుంది, కొట్టాక అనుకుంటే కేకు పక్కలు బోడిగా ఉండిపోతాయి. మీ పల్లీల పొడీ అంతే. "కప్పు పల్లీల పొడి" వేరు, "కప్పు పల్లీలు పొడి చేసి" వేరు. పచ్చి కొబ్బరి తురుము నొక్కి కొలిచారా, వదులుగా కొలిచారా? మీరు చేత్తో నొక్కుతున్నారు, కెమెరా మీ మొహం మీద ఉంది.

సరే, కప్పుల సెట్ కొనుక్కోవచ్చు కదా అంటారు. కొన్నాం. నుమాయిష్‌లో రంగురంగుల ప్లాస్టిక్ సెట్లు కుప్పలు పోసి అమ్ముతారు, ఏటా ఎవరో ఒకరు కొని తెచ్చి నాకు చూపిస్తారు. కొన్నిటి మీద 240 అని ఉంటుంది, కొన్నిటి మీద 250, కొన్నిటి మీద ఏమీ ఉండదు, 1, ½, ⅓, ¼ అని మాత్రమే. ఒకటి రెండుసార్లు కడిగేసరికి అంకెలు చెరిగిపోతాయి. స్టీలువి కావాలని ఒకసారి బేగంబజార్ వెళ్లాను. గిన్నెల కొట్లో కుర్రాడిని అడిగాను, ఈ గ్లాసు ఎంత పడుతుంది బాబూ అని. "అందాజ్‌గ పావులీటర్ పడ్తదక్కా" అన్నాడు. పక్కన ఇంకోటి చూపించి, మరి ఇదో? "అది గూడ పావులీటరే." రెండూ తీసుకుని ఒకదాంట్లో ఒకటి పెట్టాను. దూరిపోయింది, అంచుకి ఇంకా వేలెడు ఖాళీ ఉంది. కుర్రాడు నవ్వేసి "ఏదన్న ఒక్కటి తీస్కో అక్కా, వంటనే కదా" అన్నాడు. అతని తప్పేముంది, గ్లాసు నీళ్లు తాగడానికి అమ్ముతున్నాడు, కేకులు కొలవడానికి కాదు.

తూనికలు కొలతల శాఖకి రాయమని మా ఆయన సలహా ఇచ్చారు. వాళ్ల చట్టం 2009ది, 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని లెక్కలో ఉన్నవి కిలోలు, లీటర్లు. కప్పు అన్నది అందులో కొలతే కాదు. దుకాణంలో తూకం రాయి సరిగ్గా ఉందా, ప్యాకెట్ మీద రాసినంత సరుకు లోపల ఉందా అన్నది వాళ్ల పని. మీ వీడియోలో కప్పు ఎంతో చూడ్డానికి ఇన్‌స్పెక్టర్ రాడు, రాకూడదు కూడా. అందుకే ఈ ఉత్తరం మీకే.

మన పెద్దవాళ్లు కొలతల్లేకుండా వండలేదా అనే మాట కూడా వింటుంటాను. కొలతల్లేకుండా ఎవరు వండారు? వాళ్లకి గిద్ద ఉంది, సోల ఉంది, తవ్వ ఉంది, మానిక ఉంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఊరందరికీ తెలిసిన లెక్క. మా అమ్మమ్మ అందాజ్‌గా వేస్తున్నట్టే కనపడేది, కానీ ఆవిడ చేతిలో ఎప్పుడూ అదే సోల, అదే గరిటె. ఆవిడ పక్కనే నిలబడి నేర్చుకున్నాం కాబట్టి ఆ సోల ఎంతో ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్లతోనే చూశాం. మీ పక్కన ఎవరు నిలబడుతున్నారు? వేలమంది చూస్తున్నారు, ఒకరు ఉప్పల్‌లో, ఒకరు ఖమ్మంలో, ఒకరు డాలస్‌లో. డాలస్ అమ్మాయి చేతిలో 236 కప్పు, ఖమ్మం ఆవిడ చేతిలో స్టీలు గ్లాసు.

పోనీ అమెరికాలో కప్పు కొలత ఇళ్లల్లో అంత గట్టిగా ఎలా పాతుకుందో తెలుసా? 19వ శతాబ్దం చివర్లో బోస్టన్‌లో ఫ్యానీ ఫార్మర్ అని వంట బడి నడిపే ఆవిడ ఉండేది. అంతకుముందు అక్కడా మనలాగే, టీ కప్పుడు, వెన్న ఒక కోడిగుడ్డంత అని చెప్పుకునేవాళ్లు. కప్పూ చెంచా ఒకే రకంవి వాడాలి, పైన కుప్పగా పొయ్యకూడదు, కత్తి అంచుతో సమంగా తుడిచి కొలవాలి అని ఆవిడ పట్టుబట్టింది. 1896 నుంచి ఆవిడ రాసిన కొలతలు ఇంటింటికీ చేరాయి. ఒక వంట టీచరు మొండికేస్తే అంత పని జరిగింది. మీకు ఆవిడ కంటే ఎక్కువమంది విద్యార్థులున్నారు.

మీ కప్పు ఎంతో తెలుసుకోవడం ఎంతసేపు? వంటింటి తూకం మిషన్ ఉంటే ఖాళీ కప్పు దాని మీద పెట్టి సున్నా చేయండి. మీరు మామూలుగా ఎంతదాకా నింపుతారో అంతదాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మి.లీ. అంతే. మిషన్ లేకపోతే అద్దలీటర్ పాల ప్యాకెట్ తెచ్చి కప్పుతో పోసుకుంటూ వెళ్లండి, పాలు ఎటూ కాచుకునేవే. చెంచాకి పిల్లల సిరప్‌తో ఇచ్చే చిన్న మూత కప్పు ఉంది కదా, దాని మీద 5, 10 అని గీతలుంటాయి, దానితో చూసుకోండి. కొలిచేటప్పుడు కప్పుని బండ మీద పెట్టి, మీరు వంగి కంటికి సమంగా చూడండి. చేతిలో పట్టుకుని పైనుంచి చూస్తే గీత ఎప్పుడూ తప్పుగానే కనపడుతుంది.

మీలో చాలామంది బయటి రెసిపీలు చూసి, మిల్లీలీటర్లని కప్పుల్లోకి మార్చి చెప్తున్నారు. మార్చండి, కానీ ఊరికే దగ్గర్లో ఉన్న సంఖ్యకి తోసేయకండి. 240 కప్పుకి పావు కప్పు 60, మూడో వంతు 80, అర కప్పు 120, ముప్పావు 180. ఇవి నోటికొస్తే చాలు, మిగతావి చెంచాలతో కలుపుకోవచ్చు. 100 మి.లీ. అంటే అర కప్పు అనేస్తారు, అది 20 ఎక్కువ. ఆరు టేబుల్ స్పూన్లు, రెండు టీస్పూన్లు అనండి. 150 అంటే అర కప్పు, పైన రెండు టేబుల్ స్పూన్లు. 200 అంటే ముప్పావు కప్పు, ఒక టేబుల్ స్పూను, ఒక టీస్పూను. 300 సరిగ్గా ఒకటింబావు. లీటరు అంటే నాలుగు కప్పులు అనడం అలవాటు, 250 కప్పుకి అది నిజం. 240 కప్పుకి ఇంకా రెండు టేబుల్ స్పూన్లు, రెండు టీస్పూన్లు పొయ్యాలి. పాయసానికి పొయ్యకపోయినా ఏం కాదు, ఐస్‌క్రీమ్‌కీ పెద్దగా ఏం కాదు, జెల్లీకి పొయ్యండి.

నన్నడిగితే మనకి 250 కప్పే సుఖం. మన పాలు, నీళ్లు, నూనె అన్నీ అర లీటర్లు, లీటర్లలో వస్తాయి, రెండు కప్పులు, నాలుగు కప్పులు అని తెగ్గొట్టినట్టు చెప్పొచ్చు, చెంచాల గోల ఉండదు. కానీ బజార్లో 240 సెట్లు ఎక్కువ, అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లల్లో ఉన్నవీ దాదాపు అవే. మీరు ఏది పట్టుకున్నా నాకు సమ్మతమే, ఒక్కటే పట్టుకోండి. సోమవారం 240తో, గురువారం చేతికి దొరికిన గ్లాసుతో మాత్రం వద్దు. ఇంకా మంచిది, కప్పు పక్కనే మి.లీ. కూడా పెట్టేయండి. "పాలు రెండు కప్పులు, 480 మి.లీ." అని తెర మీద ఓ మూల పడితే ఎవరికీ అడ్డం రాదు.

పాత వీడియోలన్నీ మళ్లీ తీయమని ఎవరూ అనరు. వాటి కింద రాసే వివరణలో ఒక లైను చేర్చండి. అన్నీ ఒక్కరోజులో కాకపోతే కేకులు, కస్టర్డ్, చైనా గ్రాస్, పాకం వంటలతో మొదలుపెట్టండి. ఉప్మా, పులిహోర ఎప్పటికైనా పర్లేదు. దీపావళి మిఠాయిల వీడియోలు పెట్టబోయేవాళ్లు మాత్రం ఇప్పుడే కప్పు తీసుకుని నీళ్లు పోసి చూసుకోండి.

ఇట్లు,
మల్కాజిగిరి కేకుల ఆవిడ

తా.క. రైస్ కుక్కర్ కప్పు పగిలిపోయి, స్టీలు గ్లాసుతో బియ్యం పోస్తూ, నీళ్లు మాత్రం గిన్నె లోపలి గీత దాకా పోసేవాళ్లున్నారు. ఆ గీతలు 180 కప్పు లెక్కన వేసినవి, అందుకే అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు ముద్ద. మీ కుక్కర్‌తో వచ్చింది 180 కప్పే అయితే 240 కప్పులో ముప్పావు గీత దాకా బియ్యం పోయండి, సరిపోతుంది. ఈ చిట్కా ఎవరైనా వీడియోలో చెప్పుకోవచ్చు, నా పేరు అక్కర్లేదు.